నాలుగు గూటాల నడుమ

“జీపు తాళంచెవి ఇయ్యక్కా.”

“ఇయ్యను.”

“ఆ జీపు సర్కారుది. నాది కాదు.”

“నువ్వు మాత్రం ఎవరివప్పా? నువ్వూ సర్కారువానివే కదా. ఇద్దరూ ఈడనే ఉండండి.”

అంజనమ్మ తాళంచెవిని కొంగుకు ముడేసి, ఆ కొంగును నడుముకు దోపి, గడపకు అడ్డంగా కూర్చుంది. యాభై దాటిన మనిషి. ఇరవై రెండేళ్లకు మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చి, అప్పటి నుంచీ ఆరెకరాల మెట్టచేనును ఒంటిచేత్తో ఏలుకొస్తోంది. ఆమె గడపకు అడ్డంగా కూర్చుంటే దాటే ధైర్యం నల్లగుట్టపల్లిలో ఎవరికీ లేదు. ఆర్థిక శాఖలో డిప్యూటీ సెక్రటరీ అయిన తమ్ముడికి అసలే లేదు.

“సంగటి తిను. ఊరిబిండి నూరినా. తిని, ఆ ఫైల్లో మన ఊరి పేరు రాసి, అప్పుడు పో.”

“తింటా. పేరు మాత్రం రాయను.”

“రాయకపోతే తినొద్దు.”

ఈశ్వరప్ప ఫైలును చంకలో పెట్టుకుని వసారాలో అటూ ఇటూ తిరిగాడు. పళ్లెంలో సంగటి ముద్ద ఆరి గట్టిపడింది. బయట డ్రైవరు కుళ్ళాయప్ప జీపు నీడలో కూర్చుని ఏమీ విననట్టు మొహం పెట్టాడు. ఇంత మంచి తగవు జరుగుతుంటే విననట్టు కూర్చోవడం మాటలా!

పొద్దున్నే ఈశ్వరప్ప తనంతట తానే ఈ కబురు మోసుకొచ్చాడు. అదే అతను చేసిన పొరపాటు. పదకొండేళ్లు బొంబాయిలోనూ నాలుగేళ్లు హైదరాబాదులోనూ ఉండి, చెడ్డ కబురును ఉత్తరంలో రాసి పంపాలన్న తెలివి రాలేదు. అక్కకు తన నోటితోనే చెప్పాలనుకున్నాడు. చెప్పాడు. కరువు ఊళ్ల జాబితాలో నల్లగుట్టపల్లి లేదు.

జాబితాలో పేరుంటే పశువులకు గడ్డి వస్తుంది. ఆడా మగా అందరికీ ఊళ్లోనే రోడ్డు పని దొరుకుతుంది. లేకపోతే ఇళ్లకు తాళాలేసి బెంగళూరుకు కూలికి పోవాలి. తనకల్లు మండలం చుట్టుపక్కల ఇరవై మూడు ఊళ్లకు గడ్డి వస్తుందట, ఈ ఒక్క ఊరికీ రాదట. ఈ సాయంత్రం అయిదులోపల ఫైలు అనంతపురం చేరాలి. ఆపైన మార్చడానికి ఉండదు. సగం ఇళ్లలో మూటలు ఇప్పటికే కట్టి ఉన్నాయి. ఆ మూటలు విప్పించేదాకా తమ్ముణ్ణి కదలనివ్వకూడదని అంజనమ్మ పంతం.

పొద్దెక్కేసరికి వాకిట్లో జనం పోగయ్యారు. ముందు నిలబడ్డవాడు సర్పంచి ఓబులేసు. భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

“ఈశ్వరప్పా, ఒక్క పేరు. ఇరవై మూడు ఊర్లు రాసిన చేతికి ఇరవై నాలుగోది బరువైతాదా?”

“బరువు కాదు మామా. కొలత ఒప్పుకోదు. మన ఊర్లో నాలుగు చేన్లలో గూటాలు కొట్టి, శెనక్కాయలు పీకించి తూచినారు. నాలుగింట్లోనూ సగం పంటకు పైనే వచ్చింది. సగం పంట దాటితే కరువు లేనట్టే.”

“సగం పంటా!” వెనక నుంచి ఎవరో గట్టిగా నవ్వారు. “మా ఇంట్లో విత్తనానికి కూడా లేవు కదప్పా!”

“అయితే తూకంలో మోసం జరిగిందా? మామా, తూచిన పొద్దు మీరు ఆడనే ఉంటిరి కదా?”

“ఉంటి.”

“గూటాలు జరిపినారా వాళ్లు?”

“లేదు.”

“తక్కెడ తప్పా?”

“తక్కెడ బాగానే ఉండాది.”

“మరి?”

ఓబులేసు తువ్వాలు మడతను చూసుకున్నాడు. వెనక నవ్వినవాడు నోరు మూసుకున్నాడు.  అంజనమ్మ గడప మీది నుంచి చూపును పెరటివైపు తిప్పుకుంది.

ఆ ‘మరి’ వెనక ఉన్నదేమిటో తెలియనిది ఊళ్లో ఈశ్వరప్ప ఒక్కడికే.

రెండు నెలల కిందట కొలిచేవాళ్లు వచ్చి, ఏవో అంకెలు చూసుకుని, నాలుగు చేన్లలో అయిదడుగులు అటు అయిదడుగులు ఇటు వేసి, మూలకొక గూటం కొట్టి వెళ్లారు. అలా గూటాలు కొట్టిన నేలచెక్కల్లో మొదటిది అంజనమ్మ చేన్లోనే పడింది. కాయలు పండినాక ఈ చెక్కలో కాయలు తూస్తాం అన్నారు. ఎందుకు తూస్తారో వాళ్లు చెప్పలేదు, వీళ్లు అడగలేదు. మూడేళ్ల కిందట మంచి ఎద్దులకు ఇత్తడి బిందె బహుమానం ఇచ్చింది కూడా ఈ సర్కారే. ఇది కూడా అలాంటి పందెమే అనుకుంది ఊరు.

అంజనమ్మకు ఇత్తడి బిందె మీద ఆశ లేదు. ఆమె బాధ వేరు. కాగితాలన్నీ చివరికి చేరేది తమ్ముడి బల్ల మీదికి. ఆఫీసరు అక్క చేన్లో పిడికెడు కాయలు రాలితే ఆఫీసులో తమ్ముడు తల ఎక్కడ పెట్టుకోవాలి? చిన్నప్పటి నుంచీ ప్రతి పరీక్షలో మొదటివాడుగా వచ్చినవాడు. అందుకని బోరింగు దగ్గర నీళ్లు కొట్టి, కడవ నెత్తిన పెట్టుకుని, పొద్దున ఆరు, సాయంత్రం ఆరు, ఆ నాలుగు గూటాల నడుమ మాత్రమే పోసింది. చుట్టూ ఆరెకరాలూ మాడిపోతుంటే ఆ చెక్క ఒక్కటీ పచ్చగా కళకళలాడింది. మూడోనాడు చూసిన ఓబులేసు, సర్పంచి చేను వెనకబడితే ఎట్లా అని తన చెక్కకు కూలి సుంకమ్మ చేత నీళ్లు మోయించాడు. వారం తిరిగేసరికి నాలుగు చెక్కలూ పోటీ పడ్డాయి. తూచిన రోజు ఊరంతా చప్పట్లు కొట్టింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ ఊరికే నాలుక లేకుండా పోయింది. ఇప్పుడు ఎవరు నోరు విప్పాలి?

“బొంబాయిలో ఏసీ గదుల్లో కూర్చోని కంపెనీలకు కోట్లు ఇప్పించినావంట,” అంజనమ్మ మాట మార్చింది. “పుట్టిన ఊరికి నాలుగు బండ్ల గడ్డి ఇప్పించలేవా?”

ఈశ్వరప్ప బొంబాయి ఉద్యోగం ఏమిటో ఊరికి అర్థమయ్యేలా చెప్పిందే ఆమె. డబ్బు కావలసిన కంపెనీలకూ డబ్బున్న జనానికీ నడుమ పెళ్లిళ్ల పేరయ్య పని అని చెప్పింది. కంపెనీని బాగా చూసి, ఇది మంచి సంబంధమే అని తమ్ముడు పనిచేసే బ్యాంకు పుస్తకం అచ్చేస్తే, జనం నమ్మి షేర్లు కొంటారు. అక్కడ గొప్పవాడై, సముద్రం కనిపించే ఇంట్లో ఉండి, ఉన్నట్టుండి ఆ జీతంలో మూడోవంతుకు సర్కారు కొలువులోకి ఎందుకు దిగాడో మాత్రం ఆమెకూ తెలియదు. అడిగితే ‘నీళ్లు పడలేదక్కా’ అనేవాడు.

“ఇప్పించొచ్చు,” అన్నాడు ఈశ్వరప్ప. “కలం నా చేతిలోనే ఉండాది. కానీ కంటితో చూడని దానికి సంతకం పెట్టనని నాకు నేను ఒట్టు పెట్టుకున్నా. నాలుగేండ్లయింది.”

“ఓహో. అట్లనా?” అంజనమ్మ లేచి నిలబడింది. “కరువు చూడలేదు, అందుకని పెట్టవు. బాగుండాది. అయితే సగం పంట పండిందని ఆ కాయితం మీద సంతకం ఉండాదే, అది ఎవరిది?”

“నాదే.”

“పండిన పంటను చూసినావా నువ్వు?”

ఈశ్వరప్ప ఫైలును ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాడు.

“చెప్పప్పా! చూసినావా? పంటనూ చూడలేదు, కరువునూ చూడలేదు. ఒకదానికి సంతకం పెడతావు, ఒకదానికి పెట్టవు. ఇదేం ఒట్టు?”

వాకిట్లో జనం ‘భలే’ అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈశ్వరప్ప నుదురు తుడుచుకున్నాడు. ఫైలు తెరిచి తన సంతకాన్ని తనే చూసుకున్నాడు, మూశాడు. అక్క వైపు చూసిన చూపులో కోపం లేదు. పట్టుబడిన మనిషి మొహం అది.

“నిజమే అక్కా. చూడలేదు. పద, చేను చూద్దాం.”

అంజనమ్మను తను గెలిచిన మాటే గోతిలోకి తోసింది. చేన్లోకి అడుగు పెడితే దాగేదేమీ లేదు. ఇప్పుడు వద్దంటే అనుమానం, రమ్మంటే నిజం. ఓబులేసు వెనక నుంచి తల అడ్డంగా ఆడించాడు.

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత కొంగు ముడి విప్పి తాళంచెవిని కుళ్ళాయప్ప ఒళ్లోకి విసిరింది.

“నడువు,” అంది తమ్ముడితో. “నడిచే పోదాం. జీపులో పోతే ఏం కనబడతాది?”

*

చేనంతా బూడిదరంగు తిరిగింది. పీకిన కూలి కూడా రాదని ఎవరూ పీకలేదు. ఈశ్వరప్ప వంగి ఒక మొక్కను లాగాడు. వేళ్లకు రెండు బొట్టకాయలు వేలాడాయి. నొక్కితే లోపల గింజ లేదు. ఇంకొకటి లాగాడు. దానికి అవీ లేవు.

ముందుకు నడిచాడు. బోరింగు నుంచి గెనాల గట్ల మీదుగా ఒక కాలిబాట కొత్తగా పడి ఉంది. గట్టిగా తొక్కుడుపడిన బాట. అది నేరుగా వచ్చి నాలుగు గూటాల దగ్గర ఆగింది, అక్కడి నుంచి ఎటూ పోలేదు. గూటాల నడుమ మొక్కలు పీకేసిన నేల మీద పచ్చటి గరిక మొలిచింది. గూటాల అవతల గరిక కూడా లేదు.

ఈశ్వరప్ప ఆ గీత దగ్గరే గొంతుక్కూర్చుని, లోపలి మట్టిని ఒక చేత్తో, బయటి మట్టిని ఇంకో చేత్తో తీసుకున్నాడు.

“ఈడ వాన ఒక్క చెక్క మీదనే పడిందా మామా?”

ఓబులేసు తొందరపడ్డాడు. “మబ్బు అట్లనే కదప్పా. ఒక చేన్లో పడి ఇంకో చేన్లో పడదు.”

“గూటాలు చూసుకోని పడతాదా?”

 అంజనమ్మ ముందుకొచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడింది. తల వంచలేదు.

“మబ్బు కాదు. నేను పోసినా.”

“నువ్వా?”

“నేనే. పద్దెనిమిది దినాలు పోసినా. నీ ఆఫీసుకు పోయే కాయితంలో మన చేను పేరు పోవద్దని పోసినా. కరువుందని చెప్పేదానికి కొలుస్తాండారని ఎవరు చెప్పినారు మాకు? తూస్తాం అంటిరి. తూసేదానికి వస్తే బాగుండాల అనుకుంటి. అది తప్పా? తప్పయితే కొట్టు.”

“మేమూ పోసినాం,” అంది వెనక నుంచి సుంకమ్మ. ఓబులేసు ఆమె వైపు గుడ్లురిమి చూశాడు. “ఏమిటికి చూస్తావు సర్పంచప్పా? నువ్వు మోయమంటే నేను మోసినా. నా మెడ ఇంకా నొప్పిగానే ఉండాది.”

ఈశ్వరప్ప రెండు చేతుల్లో మట్టి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని అంజనమ్మ బెదిరిపోయింది. నవ్వుతున్నాడు. అయితే ఆ నవ్వు చూసి ఆమెకు ధైర్యం రాలేదు.

“నవ్వుతావేమిరా?”

“బొంబాయి ఏమిటికి వదిలి వచ్చినావని అడుగుతాంటివే. చెప్తా విను. బొంబాయి పక్కన ఠాణా అనే ఊర్లో ఒక నూలు కంపెనీ. షేర్లు అమ్మిపెట్టమని వచ్చినారు. గోదాము చూపించినారు. కప్పుదాకా నూలు మూటలు. ముందు వరుస చూసినా, చేత్తో తట్టినా, బాగుందని రాసినా. నా మాట నమ్మి జనం షేర్లు కొన్నారు. ఏడాది తిరక్కుండానే కంపెనీ మునిగింది. వెనక వరుసలన్నీ చింకిపాతలు కుక్కిన మూటలంట.”

అంజనమ్మ తమ్ముడి మట్టి చేతుల వైపు చూసింది.

“రిటైరైన బడిపంతులు ఒకాయన మా ఆఫీసు మెట్ల మీద నన్ను ఆపినాడు. తిట్టలేదక్కా. మీరు చూసి రాశారా అని ఒక్క మాట అడిగినాడు. చూసినానని చెప్పినా. ఆ రాత్రే ఉద్యోగం వదిలేస్తానని కాయితం రాసినా. ఆడ లేనిది ఉన్నట్టు చూపించి జనం సొమ్ము తిన్నారు. ఈడ మీరు లేనిది ఉన్నట్టు చూపించి మీ నోటి కూడు మీరే పోగొట్టుకున్నారు. నేను మాత్రం రెండు చోట్లా ముందు వరుసే చూసినా.”

“నువ్వు తినలేదు కదరా ఆ సొమ్ము,” అంది అంజనమ్మ. గొంతు కొంచెం మెత్తబడింది.

“తిన్నవాడు నా సంతకం మీద కూర్చోని తిన్నాడు.”

అతను మట్టి దులుపుకుని లేచాడు. ఫైలు తెరిచి, కొలత కాగితం బయటికి తీశాడు.

“దీనికి మందుండాది. నీళ్లు పోసిన చెక్కలని చేను గలవాళ్లు అర్జీ రాసిస్తే ఈ కొలత చెల్లదు. చేను ఇంకా పీకలేదు కాబట్టి మళ్లీ కొలవొచ్చు. అర్జీ ఈ పొద్దే నా ఫైలుతో పాటు పోవాల.”

జనంలో ఒక్కసారిగా కలకలం రేగింది. అంజనమ్మ అప్పటికే చెయ్యి చాపింది.

“తే ఆ కాయితం. నాకు సంతకం వచ్చు. వేలిముద్ర కాదు. నేనే మొదట పెడతా.”

ఈశ్వరప్ప కాగితం ఇవ్వలేదు. దాని వైపే చూస్తున్నాడు. మొహంలో రంగు మారింది.

“ఏమయింది?”

“నీ సంతకం చెల్లదక్కా.”

“ఏమిటికి చెల్లదు?”

“పట్టాదారు, తిప్పయ్య కొడుకు ఈశ్వరప్ప. ఇట్ల రాసినారు ఈడ.” అతను వేలితో చూపించాడు. “చేను నా పేరు మీద ఉండాది.”

“పక్కన గడిలో?”

“సాగు చేసేవాళ్ల పేరు రాసే గడి అది. ఖాళీగా ఉండాది.”

అంజనమ్మకు ఒళ్లంతా మండిపోయింది. ఎండ అలవాటే ఆమెకు. ఆకలీ అలవాటే. ఈ మంట వేరు.

“ముప్పై ఏండ్లు,” అంది. “ముప్పై ఏండ్లు ఈ చేన్లో నేను గుంటక తోలించినా, కలుపు తీసినా, కట్టెలు మోసినా. నీకు బొంబాయికి టికెట్టు కొనిచ్చింది ఈ చేనే. ఆ గడి ఖాళీగా ఉండాదా?”

“అమ్మ పోయినప్పుడు నీ పేరుకు మార్పిస్తానంటే నువ్వేమన్నావు?”

“మనకూ మనకూ కాయితాలేందిరా అంటి.”

“అంటివి. నేనూ అంతటితో ఊరుకుంటి. ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. నా తప్పే.”

 ఎండుటాకులు గాలికి కొట్టుకుంటున్నాయి. తమ్ముడు తప్పు ఒప్పుకున్నందుకు అంజనమ్మ కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. అలా ఒప్పుకుంటే తను ఎవరి మీద అరవాలి?

ఓబులేసు తెలివైనవాడు. లోకం చూసినవాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“అంటే, అర్జీ నువ్వు పెట్టాల. కరువు దుడ్లు పంచే ఆఫీసరే తన చేనుకు కరువని అర్జీ పెడితే, రేపు పేపర్లో ఏమని రాస్తారో తెలుసు కదా? ఒక పని చేద్దాం. మిగతా మూడు చేన్లవాళ్లం మేం రాస్తాం. మూడు చెల్లకపోతే చాలు, కొలత మారుతాది. మీ చెక్క సంగతి గమ్మున వదిలెయ్.”

“మూడు చేన్లు దొంగ కొలతని తెలిసి, నాలుగోది నాదని దాచిపెట్టాలనా?”

“దాచమని కాదప్పా. ఎత్తొద్దు అంటాండా.”

“ఆ నూలు కంపెనీలో కూడా ఆ మాటే అన్నారు మామా. వెనక వరుస ఎత్తొద్దన్నారు.”

ఈశ్వరప్ప గెనం మీద కూర్చుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని, తెల్లకాగితం తీశాడు. ‘కలెక్టరు గారికి, నల్లగుట్టపల్లి రైతు ఈశ్వరప్ప రాసుకున్న అర్జీ’ అని మొదలుపెట్టాడు. అక్షరాలు గుండ్రంగా, బడిలో రాసినట్టే ఉన్నాయి. నా చేన్లో కొలత చెక్కకు మాత్రమే నీళ్లు పోయడం జరిగింది, మిగతా చేను ఎండిపోయింది, కాబట్టి మళ్లీ కొలవాలి అని రాశాడు.

అంజనమ్మ భుజం మీదుగా ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదువుతోంది.

“పోయడం జరిగింది ఏందిరా? దానంతటదే జరిగిందా? ఎవరు పోసినారో రాయి.”

“అక్కరలేదు.”

“ఉండాది అక్కర! సాగు చేసే అంజనమ్మ పోసింది అని రాయి. ఆ గడిలో ఎటూ లేను. ఈడన్నా ఉంటా.”

“నీ మీద కేసు పెడితే?”

“పెట్టనీ. కడవ మోసినదానికి కోర్టు మెట్లు ఎక్కడం కష్టమా?”

“నా పేరు కూడా రాయప్పా,” అంది సుంకమ్మ. “సర్పంచి చేన్లో పోసింది సుంకమ్మ అని.” ఓబులేసు నోరు తెరిచాడు, మూశాడు. చివరికి తువ్వాలుతో మొహం తుడుచుకుని, “రాయి. మోయించింది ఓబులేసు అని కూడా రాసెయ్. ఆడోళ్ల వెనక దాక్కున్నాడనే పేరు నాకెందుకు?” అన్నాడు.

ఈశ్వరప్ప రాశాడు. మిగతా రెండు చేన్లవాళ్లూ తమ చెక్కల మాట రాయించారు, అందరి సంతకాలూ అయ్యాయి. జనం ఊపిరి పీల్చుకుని ఊరివైపు తిరుగుతుంటే, అతను ఇంకో తెల్లకాగితం తీశాడు. అంజనమ్మ ఒక్కతే అది చూసింది.

“ఇదేంది?”

“ఇంకొకటి ఉండాది రాసేది.”

ఆమె మళ్లీ కూడబలుక్కుంది. నా సొంత భూమి ఈ లెక్కలో ఉన్నందున, కరువు నిధుల బాధ్యత నుంచి ఈ క్షణం నుంచే... ఆ తర్వాతి మాట దగ్గర ఆమె వేలు ఆగింది. తప్పుకుంటున్నాను.

అంజనమ్మ అరచేతిని కాగితం మీద పెట్టి నొక్కింది.

“పెట్టొద్దు.”

“చెయ్యి తియ్యక్కా.”

“తియ్యను. నీ తల నిలపాలని పోసిన నీళ్లురా అవి. ఆ నీళ్లే నీ కుర్చీని ముంచుతాయా? నా చేతులతో నేనే నిన్ను దించాల్నా?” ఆమె కళ్లు నిండాయి. గొంతు మాత్రం దిగలేదు. “నువ్వు లేస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?”

“తిప్పేస్వామి. అనంతపురంలోనే ఉంటాడు.”

“ఆయనెట్లాంటివాడు?”

“దొంగ కాదు. ఒక్క పైసా తినడు. కాయితం తప్ప దేన్నీ నమ్మడు. ఇరవై మూడు ఊర్లే ఎక్కువని మొన్న మీటింగులో గట్టిగా వాదించినాడు. ఈ అర్జీ చూస్తే, ఆఫీసరు తన ఊరి కోసం ఆడించిన నాటకం అంటాడు.”

“అంటే మన ఊరి కాయితం ఆయన చేతికే పోతాది.”

“ఆయన చేతికే. నేను ఆడ ఉండను. ఒక్క మాట కూడా చెప్పకూడదు.”

ఊరికి గడ్డి వస్తుందో రాదో ఇక తమ్ముడి చేతిలో లేదు. ఇన్నాళ్లూ తమ్ముడి కలం మీద పెట్టుకున్న ధీమా అంతా ఈ ఒక్క కాగితంతో పోతుంది. చెయ్యి తీయకపోతే కలం ఉంటుంది, కానీ ఆ కలానికి విలువ ఉండదు. మెట్ల మీద పంతులు అడిగిన మాటే రేపు ఇంకొకరు అడుగుతారు. అంజనమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. బొంబాయి నుంచి వచ్చిన నాటి నుంచీ ఆ మొహంలో కనిపించని నెమ్మది ఇప్పుడు కనిపించింది. ఆమెకు దుఃఖమూ వచ్చింది, గర్వమూ వచ్చింది. ఏది ముందో ఆమెకే తెలియలేదు.

ఆమె చెయ్యి తీసేసింది.

“పెట్టు సంతకం.”

అతను పెట్టాడు. కలం మూసి జేబులో పెట్టుకోబోతుంటే ఆమె ఆపింది.

“ఇంకొక్క మాట రాయి దాంట్లో. కాయితం నమ్మేవాడు కదా ఆయన, కాయితంలోనే చెప్తాం. తిప్పేస్వామి సారును ఈడికి రమ్మను. ఆయన కళ్ల ముందరే కొలవమను. చేను యాడికీ పోదు, నేనూ యాడికీ పోను.”

“వస్తాడో రాడో అక్కా.”

“రాకపోతే నేనే అనంతపురం పోయి ఆయన వాకిట్లో కూర్చుంటా. గడపకు అడ్డం కూర్చునేది నాకు బాగా తెలుసు. గూటాలు ఆయన చేత్తోనే కొట్టుకోమని రాయి. ఈసారి మేం చుక్క నీళ్లు కూడా పొయ్యం అని రాయి.”